వేరుశనగల ఊళ్లో గ్రాథియాస్

జీపు కళ్యాణదుర్గం రోడ్డెక్కేసరికి ఉదయం ఏడున్నరైంది. మీరు వెనక సీట్లో, కిటికీ పక్కన ఉన్నారు. డిసెంబరు చలిగాలి అద్దం సందులోంచి మెడకు కొడుతోంది. మీ ముందు సీట్లో స్పెయిన్ దంపతులు. ఇద్దరికీ అరవై దాటాయి. బార్సిలోనా పక్కన ఏదో చిన్న ఊరు వాళ్లది. ఆమె ఒళ్లో నీలం రంగు ఫైలు ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులా అదుముకుంటోంది. డ్రైవరు పక్కన కూర్చున్న ట్రాన్స్‌లేటర్ అమ్మాయి వెనక్కి తిరిగి పెద్దాయనకు 'బాగున్నారా' నేర్పుతోంది. ఆయన 'బగునారా' దాకా వచ్చి అక్కడే ఆగాడు. ఆ పిల్ల పట్టు వదలడం లేదు.

మీది కొడిమ్యాల. నిన్న సాయంత్రం కాచిగూడలో రైలెక్కి, తెల్లవారకముందే అనంతపురంలో దిగారు. కిటికీలోంచి చూస్తుంటే ఇది మీకు అలవాటైన నేల కాదని తెలిసిపోతోంది. మీ వైపు ఈ రోజుల్లో యాసంగికి నార్లు పోస్తుంటారు, మామిడి తోటలు పూతకు సిద్ధమవుతుంటాయి. ఇక్కడ కాయ పీకేసిన వేరుశనగ చేలు ఎర్రగా, బోసిగా పడి ఉన్నాయి. అక్కడక్కడా కంది. దూరాన చెట్టూ చేమా లేని బండగుట్టలు. జగిత్యాల జిల్లాలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, ఇక్కడ 550కి అటూ ఇటూ. ఆ పడేది కూడా అదునుకు పడదు.

"మీదే ఊరు?" డ్రైవరన్న అద్దంలోంచి మిమ్మల్నే అడుగుతున్నాడు.

"కొడిమ్యాల. జగిత్యాల దగ్గర, కొండగట్టు పక్కన."

"మీ పక్క అందరూ దుబాయికి పోతారంట గదా?"

"పోతరు," అని మీరు నవ్వుతారు. అబద్ధమేమీ కాదు. మీ ఊళ్లో ఏ వాడకెళ్లినా మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉన్న కొడుకో అల్లుడో తమ్ముడో ఉంటాడు. షుక్రన్ అంటే ఏమిటో ఇంట్లో ముసలమ్మకు కూడా తెలుసు. పరదేశపు డబ్బుతో ఇల్లు గడవడం గురించి మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే మీ వాళ్లు అక్కడికి పోయి, చెమటోడ్చి తెచ్చుకుంటారు. ఆ డబ్బుకు ఎవరికీ తల వంచాల్సిన పని లేదు. ఈ పల్లెలకు మాత్రం ముక్కూ మొహం తెలియని మనుషులు, స్పెయిన్‌లో కూర్చుని, నెలనెలా పంపుతున్నారు. తీసుకున్నవాళ్లు దీనికి కృతజ్ఞత ఎలా చెబుతారు? తల దించుకోకుండా ఎలా చెబుతారు? అది కళ్లారా చూద్దామనే మీరు ఈ జీపెక్కారు.

డ్రైవరన్న ఫాదర్ గురించి మొదలుపెట్టాడు. ఇక్కడ ఫాదర్ అంటే ఒక్కరే, విన్సెంట్ ఫెర్రర్. 1920లో బార్సిలోనాలో పుట్టిన మనిషి. కుర్రతనంలో స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిపోయిన పక్షాన పోరాడాడు. తర్వాత జెసూట్ సంఘంలో చేరి 1952లో ముంబై వచ్చాడు. మహారాష్ట్రలో మన్మాడ్ చుట్టుపక్కల రైతుల చేత బావులు తవ్వించాడు. పేదవాళ్లు ఒకడి వెంట నడవడం మొదలుపెడితే కొందరికి నిద్ర పట్టదు. 1968లో ఆయన్ను దేశం విడిచి పొమ్మన్నారు. వేలమంది రైతులు ఆయన కోసం మన్మాడ్ నుంచి ముంబైకి నడిచారు. ఇందిరా గాంధీ జోక్యంతో కొన్నాళ్లు బయటికి వెళ్లి తిరిగి రావడానికి వీలు చిక్కింది. 1969లో వచ్చి ఆగింది అనంతపురంలో. ఆ మరుసటేడు జెసూట్ సంఘం వదిలేసి, ఆన్ పెర్రీ అనే ఇంగ్లండ్ విలేఖరిని పెళ్లి చేసుకున్నాడు. ఆమే ఇప్పటి అన్నా ఫెర్రర్. ఇద్దరూ కలిసి నిలబెట్టిన సంస్థే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, ఊళ్లవాళ్ల నోట ఆర్డీటీ.

డ్రైవరన్న ఈ సంవత్సరాలేవీ చెప్పడు. ఆయన లెక్క వేరు. "ఆ చెరువు కట్ట ఆర్డీటీ. ఆ కనపడే ఇళ్లన్నీ ఆర్డీటీ. మా చెల్లెలు కాన్పు ఆర్డీటీ ఆస్పత్రిలోనే," అంటూ స్టీరింగు మీది నుంచి ఒక చెయ్యి తీసి చూపిస్తున్నాడు.

ముందు సీట్లో ఆవిడ ఫైలు తెరిచింది. లోపల ఉత్తరాలు. స్పెయిన్‌లో ఉండి ఇక్కడి పిల్లకో పిల్లాడికో అండగా నిలిచేవాళ్లు లక్షకు పైగానే ఉన్నారు. ఊళ్లో వాళ్లను స్పాన్సర్లు అంటారు. పిల్లలు తెలుగులో రాస్తారు, అనంతపురంలో దాన్ని స్పానిష్‌లోకి మారుస్తారు, రెండూ కలిసి సముద్రాలు దాటుతాయి. మీరు ముందుకు వంగి చూస్తారు. రూళ్ల కాగితం మీద నీలం ఇంకు. పైన బొమ్మ: రెండు కొండల మధ్య పొడుస్తున్న సూర్యుడు, కిందికి జారే ఏరు, పక్కన కొబ్బరిచెట్టు, గుడిసె. తెలుగునాట బడికి పోయిన ప్రతి పిల్లా వేసే బొమ్మే. ఈ బొమ్మ వేసిన పాప ఊళ్లో ఏరూ లేదు, కొబ్బరిచెట్టూ లేదు.

బొమ్మ కింద ఉత్తరం. ఎనుము ఈనింది, దూడ తెల్లమచ్చది. లెక్కల్లో పోయినసారి కంటే మంచి మార్కులొచ్చాయి. ఈ ఏడు కాయ సరిగా ఊరలేదు. మీ కుక్క కాలు బాగైందా? అంతే. సంతకం.

"మొదట్లో నాకు కంగారయ్యేది," ట్రాన్స్‌లేటర్ అమ్మాయి మీతో తెలుగులో అంటోంది. "ఎంత వెతికినా గ్రాథియాస్, అంటే థాంక్స్ అని రాయడానికి ఒక్క మాట దొరకదు. ఎనుము ఈనింది, వాన పళ్లేదు, ఇవే. పంపించేవాళ్లు ఏమనుకుంటారో అని భయం. ఇప్పుడు చూడండి, ఈవిడ పొద్దున్నుంచీ అడిగేది ఒకటే, దూడకు పేరు పెట్టారా అని."

ఆ అమ్మాయి తల్లిదండ్రులు వేరుశనగ కూలీలు. డిగ్రీ అయ్యాక, పేదింటి పిల్లల కోసం ఆర్డీటీ నడుపుతున్న విదేశీ భాషల బడిలో చేరింది. అక్కడ స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పుతారు. మీకూ దారి పొడుగునా పాఠం చెబుతోంది. స్పెయిన్ వాళ్లు గ్రాథియాస్ అని థ పలికిస్తారు. మెక్సికోలో, అర్జెంటీనాలో అదే గ్రాసియాస్. గట్టిగా చెప్పాలంటే ముందు మూచాస్ చేర్చాలి. మిల్ గ్రాథియాస్ అంటే వెయ్యిసార్లు. అన్నిటికీ కలిపి చెప్పాలంటే గ్రాథియాస్ పోర్ తోదో. కొత్తవాళ్లకు, పెద్దలకు మర్యాదగా చెప్పాలంటే సె లొ అగ్రదెథ్కో. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు తూ, ఉస్తెద్ ఉన్నాయి. అయితే స్పెయిన్‌లో ఈ మధ్య చాలాచోట్ల తూతోనే పని జరిగిపోతుంది. అవతలివాళ్లు దే నాదా అంటారు, దాందేముందిలే అని. లేదంటే గ్రాథియాస్ ఆ తీ, అంటే చెప్పాల్సింది నువ్వు కాదు నేను, అని.

మీరు నోట్లో నోట్లో అనుకుంటున్నారు. ముందు సీట్లో ఆయన నీళ్ల సీసా అందించాడు, ఆవిడ మెర్సీ అంది. "అది స్పానిష్ కాదు, కతలాన్," ట్రాన్స్‌లేటర్ నవ్వింది. "బార్సిలోనా వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది వేరే భాష. మనం బయట ఒకటి, ఇంట్లో ఒకటి మాట్లాడమా?"

తప్పెట్లు వినబడుతున్నాయి. ఊరొచ్చింది.

వేపచెట్టు కింద జీపాగిందో లేదో, చుట్టూ జనం. రెండు వరసల్లో ఆడపిల్లలు, చేతుల్లో పళ్లేలు, పళ్లేల నిండా చామంతి రేకులు. హారతి, బొట్టు, దండ. పెద్దాయన అద్దాలు దండలో చిక్కుకున్నాయి. ఎవరో తీసి, తుడిచి, మళ్లీ ఆయన ముక్కు మీద పెట్టారు. మీ మెడలోనూ ఒక దండ పడింది. "నేను స్పాన్సర్‌ను కాదు, ఊరికె వచ్చిన," అని మీరు చెప్పబోతే, పంచె కట్టుకున్న పెద్దమనిషి, "వచ్చినోళ్లేగదా, నడవండి," అని భుజం పట్టి ముందుకు తోశాడు. ఇక మీరూ ఊరేగింపులో భాగమే.

బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మహిళా సంఘం లీడరు లేచింది. చేతిలో కాగితం లేదు, గొంతులో బెరుకు లేదు. "మా కాలంలో ఆడపిల్లోళ్లు బడి మొగం చూసిందిల్యా. ఇప్పుడు మా ఊరి పిల్లోళ్లు అనంతపురంలో కాలేజీకి పోతాండారు. మీరు డబ్బు పంపినారు, మేం కూలికి పోయినా పిల్లోళ్లను బడి మానిపియ్యలేదు. ఇద్దరమూ చేస్తిమి," అంది. ట్రాన్స్‌లేటర్ ఆ 'ఇద్దరమూ' దగ్గర ఒక్క క్షణం ఆగి, రెండుసార్లు చెప్పింది. పెద్దాయన తల ఊపుతున్నాడు. ఈ పూట మీరు విన్నవాటిలో బరువైన మాట అదే. ఆవిడ ఎక్కడా చేతులు జోడించలేదు. వేసిన లెక్కలో తన వాటా కూడా వేసుకుంది.

ఆ తర్వాత ఆ ఉత్తరం రాసిన పాప. పన్నెండు పదమూడేళ్లుంటాయి, రెండు జడలు, కొత్త గౌను. వారం నుంచి ప్రాక్టీసు చేస్తోందట. ముందుకొచ్చి, ఊపిరి బిగబట్టి, "మూచాస్ గ్రాథియాస్ పోర్ తోదో," అని గబగబా అనేసి, వాళ్లమ్మ వెనక దాక్కుంది. చప్పట్లు. పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, "దే నాదా, దే నాదా," అన్నాడు.

ముందు వరసలో కింద కూర్చున్న అవ్వ చెవి రిక్కించింది. "ఏమంటాండాడు? నాదా అంటాడేమి?"

"ఏం లేదులే అంటాండాడవ్వా," ట్రాన్స్‌లేటర్ చెప్పింది.

అవ్వకు కోపమొచ్చింది. "ఏం లేదంటే ఎట్లా? ఇల్లు ఉండాది. పాప చదువుకుంటాండాది. ఇన్ని చేసి ఏం లేదంట! చెప్పు ఆయప్పకు."

ట్రాన్స్‌లేటర్ చెప్పింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి, కుర్చీలోంచి లేచి, అవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె చేతులు పట్టుకుని, ఉస్తెద్ అని మర్యాదగా సంబోధిస్తూ, "గ్రాథియాస్ ఆ ఉస్తెద్," అన్నాడు. ఈసారి తర్జుమా ఎవరూ అడగలేదు. "ఆఁ, అట్లా చెప్పు," అంది అవ్వ.

ఇప్పుడు మీరు పాప వాళ్ల ఇంట్లో ఉన్నారు. రెండు గదుల స్లాబు ఇల్లు. ఆర్డీటీ కట్టించిన ఇళ్లు ఆడవాళ్ల పేరు మీదే ఉంటాయి, ఇదీ అంతే. బయట తెల్లమచ్చ దూడ కట్టేసి ఉంది. స్పెయిన్ ఆవిడ మొదట దాన్నే చూసి, మెడ నిమిరి, తర్వాతే లోపలికొచ్చింది.

వాళ్లమ్మ గూట్లోంచి కాగితంలో చుట్టిన డజను ఆకుపచ్చ గాజులు తీసింది. అతిథి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. గాజు మెటికల దగ్గర ఆగిపోయింది. పాప సబ్బు తెచ్చింది. తల్లి ఆ చేతిని తడిపి, సబ్బు రాసి, బొటనవేలి కింద కండను లోపలికి నొక్కి, నాలుగు వేళ్లనూ దగ్గరకు చేర్చి, గాజును వంకరగా పట్టి మెల్లగా తిప్పుతూ ఎక్కించింది. ఎన్నేళ్లుగానో కలుపు తీసిన వేళ్లు అవి, గోళ్ల చుట్టూ ఎర్రమట్టి చారలు. ఒకటి దాటింది. రెండోది దాటింది. మూడోది టప్పున విరిగింది. ఆవిడ ఉలిక్కిపడి క్షమాపణ చెప్పబోయింది. "పోనీలే, దిష్టి పోయింది," అని తల్లి ముక్కలు ఏరి పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. చివరికి చేతికి ఐదు, చేతికి ఐదు నిలిచాయి. పనయ్యాక తల్లి ఆ చేతులను కొంగుతో తుడిచి, తిప్పి చూసుకుని, తృప్తిగా తల ఊపింది.

భోజనం. బయటి నీళ్లు వీళ్లకు పడవని ట్రాన్స్‌లేటర్ ముందే చెప్పి ఉంచింది, అందుకని టౌను నుంచి కొబ్బరిబోండాలు తెప్పించారు. విస్తట్లో రాగిసంగటి, ఊరుబిండి, కోడికూర, చివర్లో ఓళిగలు. పెట్టినప్పుడల్లా స్పెయిన్ ఆవిడ గ్రాథియాస్ అంటోంది. అన్నప్పుడల్లా ఇంకో ఓళిగ పడుతోంది. నాలుగో ఓళిగ దగ్గర ఆమె దీనంగా చూసింది. "అక్కా, అది ఇంకా కావాలని కాదు," ట్రాన్స్‌లేటర్ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది. వాళ్లమ్మ మొహంలో నిరాశ. "ఇంత దూరం వచ్చి సగం కడుపుకేనా?"

మీరు చూస్తూనే ఉన్నారు, ఆ తల్లి ఇంతవరకు థాంక్స్ అనే అర్థం వచ్చే మాట ఒక్కటీ అనలేదు. తినమంది. అలసిపోయినారేమో అంది. పిల్లలెంతమంది, కోడలు బాగా చూసుకుంటుందా అని ఆరా తీసింది. మళ్లీ ఎప్పుడొస్తారని అడిగింది. లేచేటప్పుడు గోనెసంచీ చేతిలో పెట్టింది, మూడు కిలోలకు తక్కువుండని వేరుశనగ కాయలు. విత్తనానికి దాచినవాటిలోంచి తీసిందని పాప చెప్పేసింది. పెద్దాయన ఇబ్బందిగా ట్రాన్స్‌లేటర్ వైపు తిరిగాడు: వీళ్ల దగ్గర్నుంచి ఎలా తీసుకోవడం? ఆ అమ్మాయి స్పానిష్‌లో ఏదో ఖచ్చితంగా చెప్పింది. ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఏం చెప్పినవ్?" జీపెక్కాక మీరు అడుగుతారు.

"వద్దంటే మీరు పంపించేది కూడా వాళ్లకు బరువవుతుందని చెప్పినా."

మధ్యాహ్నం ఎండలో జీపు వెనక్కి మళ్లింది. మీరు ఆ మాటను నెమరేసుకుంటున్నారు. స్పాన్సర్ పంపే డబ్బులో ఎక్కువ భాగం ఊరందరికీ పనికొచ్చే చదువుకు, వైద్యానికి, ఇళ్లకు, నీటి పనులకు పోతుంది. ఆ తల్లి ఈ దంపతులకు వ్యక్తిగతంగా బాకీ పడలేదు. పడ్డానని అనుకుంటే అంత ధైర్యంగా విస్తరిలో నాలుగో ఓళిగ వెయ్యలేదు. మొహమాటపడేది, నసిగేది, కాళ్లకు దండం పెట్టేది. ఇక్కడ అదేమీ జరగలేదు.

సాయంత్రానికి బత్తలపల్లి. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. ఆర్డీటీ పెద్దాస్పత్రి 2000లో మొదలైంది ఇక్కడే. గేటు దగ్గర టిఫిన్ బండ్లు, చెట్ల నీడన రోగుల బంధువులు, భుజాన పసిబిడ్డలతో తల్లులు. ఫెర్రర్ సమాధి కూడా బత్తలపల్లిలోనే. 2009 జూన్ 19న అనంతపురంలో పోయాడు. స్పెయిన్‌లో పెద్ద గౌరవమైన ప్రిన్స్ ఆఫ్ అస్తూరియాస్ పురస్కారం ఆయనకు 1998లో వచ్చింది. అయినా చివరికి నిద్రపోతున్నది ఈ వేరుశనగ మట్టిలోనే. స్పెయిన్ దంపతులు మెడలోని దండలు తీసి అక్కడ ఉంచారు. మీదీ మీరు ఉంచారు. కూలిపని నుంచి నేరుగా వచ్చినట్టున్న ఒకాయన చెప్పులు విడిచి, చెయ్యి నేలకు తాకించి కళ్లకద్దుకుని, ఎవరితో ఏమీ మాట్లాడకుండా ఆస్పత్రి వైపు పోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ట్రాన్స్‌లేటర్ ఇంకో సంగతి చెప్పింది. ఈ పల్లెల్లో చాలా ఇళ్లలో హుండీలు ఉన్నాయి. ఇండియా ఫర్ ఇండియా అని పేరు. కూలి డబ్బుల్లోంచి రూపాయో రెండో వేస్తారు, తమకంటే కష్టంలో ఉన్నవాళ్ల కోసం. మధ్యాహ్నం ఓళిగలు తిన్న ఇంట్లో గూటి మీద ఒకటి ఉందని, మీరు గమనించలేదని కూడా చెప్పింది. ఫెర్రర్ పోయాక కూడా అన్నా ఫెర్రర్, అనంతపురంలోనే పుట్టి తెలుగులో గడగడా మాట్లాడే కొడుకు మాంచో ఫెర్రర్ ఆర్డీటీని నడిపిస్తున్నారు. ఎన్నాళ్లయినా స్పెయిన్ వైపే చూస్తూ కూర్చోకుండా ఈ ఊళ్లు తమ చెయ్యి తాము చాపుతున్నాయి. ఆ పాప నోట పలికిన గ్రాథియాస్ ఎంత ముద్దుగా ఉన్నా, మీరు కొడిమ్యాల వెళ్లి చెప్పాల్సింది మాత్రం ఈ హుండీ గురించి.

ఇంకొకటి కూడా చెప్పండి. మనకు సాయం చేసినవాళ్లను వేదికెక్కించి, శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, ఫొటో దిగి పంపించేయడం అలవాటైపోయింది. ఆ శాలువాలు బీరువాల్లో మూలుగుతుంటాయి. మస్కట్ నుంచి డబ్బు పంపి మీ బడికి బెంచీలు చేయించిన తమ్ముడు సెలవుపై వస్తే, మైకు సెట్టు మాట్లాడకండి. ఇంటికి పిలవండి. కూర్చోబెట్టి అన్నం పెట్టండి, వాళ్లింట్లో మంచీ చెడ్డా అడగండి, ఆయనిచ్చినదాంట్లో మీ వంతు పని ఏం చేశారో లెక్క చెప్పండి. పోయేటప్పుడు చేనులో పండింది ఒక సంచీడు కట్టివ్వండి. ఇచ్చే స్థానంలో మీరే ఉండి, అవతలివాళ్లు సంచీ పెడితే మాత్రం దయచేసి వద్దనకండి. ఇవ్వడం చాలామందికి వచ్చు. పెట్టింది మర్యాదగా తీసుకోవడమే మనం నేర్చుకోవాలి.